పిల్లలకు స్పెయిన్ పరిచయం: చేత్తో చేయించదగ్గవి, ఎక్కడెక్కడ చెడతాయి

నీలవేణి_లైబ్రరీ
మా పిల్లల లైబ్రరీలో రెండు నెలలకొక దేశం తీసుకుంటాం. ఈసారి స్పెయిన్. 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు. నవంబరు చివరి నుంచి జనవరి మొదటి వారం దాకా శనివారాల్లో గంటన్నర చొప్పున తరగతులు. జెండా, రాజధాని, ఎద్దుల పోరు, ఫుట్‌బాల్ చెప్పేసి వదిలేయడం ఇష్టం లేదు. పిల్లలు చేత్తో చేసేవి, తినేవి, ఆడేవి కావాలి. సగం మంది గుడ్డు తినరు. మా దగ్గర ఒక ఇండక్షన్ పొయ్యి ఉంది, ఓవెన్ లేదు. తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి.

తూర్పుగాలి
నీలవేణి గారూ, ముందు ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో పిల్లల కోసం 'స్పానిష్ సంస్కృతి' అని వెతికితే వచ్చే వాటిలో చాలావరకు మెక్సికోవి. పెద్ద అంచు టోపీ, టాకోలు, పూల పుర్రె బొమ్మలు స్పెయిన్‌వి కావు. ప్రింట్ తీసే ముందు ఒక్కొక్కటీ చూసుకోండి. ఇది సరిచూసుకోని స్కూలు ప్రదర్శనల్లో ఫ్లామెంకో గౌను పక్కనే మెక్సికో టోపీ కనబడుతూ ఉంటుంది.

రెండోది, 'స్పెయిన్‌లో ఇలా చేస్తారు' అనే వాక్యం వీలైనంత తక్కువ వాడండి. అక్కడ 17 స్వయంపాలిత ప్రాంతాలు, ఆఫ్రికా తీరాన స్యూటా, మెలియా అనే రెండు నగరాలు ఉన్నాయి. కాస్టిలియన్‌తో (మనం స్పానిష్ అనేది ఇదే) పాటు కటలాన్, గలీసియన్, బాస్క్ భాషలకు ఆయా ప్రాంతాల్లో అధికార హోదా ఉంది. బాస్క్‌కు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదు. అందుకని గోడకి పెద్ద ఖాళీ పటం ఒకటి అంటించి, వారానికి ఒక ఊరు తీసుకోండి. ఆ వారం చేసిన పని బొమ్మ ఆ ఊరి మీద పిల్లలే అంటించాలి. ఇలా చేస్తే వాలెన్సియా వంటకం, అండలూసియా చప్పట్లు, కటలోనియా దుంగ ఒకదాంతో ఒకటి కలిసిపోవు.

మొదటి తరగతికి గడియారం తీసుకోండి. అట్టతో రెండు గడియారాలు చేయించి, ఒకదాని మీద మన పిల్లల రోజు, రెండోదాని మీద మాడ్రిడ్ పిల్లల రోజు గుర్తు పెట్టించండి. అక్కడ పొద్దున పాలు, బిస్కెట్లు. తొమ్మిదింటికి బడి. పదకొండుకి చిన్న తిండి. మధ్యాహ్న భోజనం రెండు, రెండున్నరకి. సాయంత్రం ఐదున్నర, ఆరుకి 'మెరియెందా' అనే చిరుతిండి. రాత్రి భోజనం తొమ్మిది ప్రాంతంలో. ప్రాంతాన్ని, బడిని బట్టి ఈ వేళలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

పిల్లలు తప్పకుండా 'ఎందుకంత ఆలస్యం?' అంటారు. జవాబులో కొంత భూగోళంలోనే ఉంది. మాడ్రిడ్ గ్రీనిచ్‌కి పడమరగా ఉన్నా, 1940 నుంచి గడియారం మాత్రం మధ్య ఐరోపా సమయం చూపిస్తోంది. అందుకే అక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చే వేళ ఏడాది సగటున ఒంటిగంట పావు, వేసవి సమయం అమల్లో ఉన్నప్పుడు రెండుంపావు. మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది కాబట్టి కాకినాడలో సగటున సరిగ్గా పన్నెండుకి నడినెత్తి. ఆదివారం మేడ మీద మీటరు కర్ర నిలబెట్టి, పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా పది నిమిషాలకోసారి నీడ కొసని సుద్దతో గుర్తు పెట్టమనండి. అతి పొట్టి నీడ ఎప్పుడు పడిందో చూసి, అదే నీడ మాడ్రిడ్‌లో గడియారం ఎంత చూపిస్తుండగా పడుతుందో పటం పెట్టి వివరించండి. పెద్ద పిల్లలు బాగా అందుకుంటారు. ఆరేళ్ళవాళ్ళకి అట్ట గడియారం చాలు.

మధ్యాహ్నం దేశమంతా పడుకుంటుందని మాత్రం చెప్పకండి. రెండింటిదాకా బడిలో ఉండే పిల్లలు, ఆఫీసులకెళ్ళే పెద్దవాళ్ళు రోజూ కునుకు తీసే వీలుండదు.

రేవతి_బొమ్మలు
చేతిపని ఒక్కటే చేయించగలిగితే అల్తామిరా పైకప్పు చేయించండి. ఉత్తరాన కాంటాబ్రియాలో ఉన్న గుహ అది. 1879లో మార్సెలినో సాన్స్ దె సావుతువోలా గుహ నేల తవ్వి చూస్తుంటే, వెంట వచ్చిన ఎనిమిదేళ్ళ కూతురు మరియా తలెత్తి పైకప్పు మీది అడవి దున్నల బొమ్మల్ని చూసింది. ఆదిమానవులు ఇంత బాగా గీయలేరని పండితులు చాలామంది నమ్మలేదు. ఫ్రాన్స్ పండితుడు కార్తయాక్ 1902లో తాను పొరబడ్డానని అచ్చులోనే ఒప్పుకున్నాడు. అప్పటికి సావుతువోలా చనిపోయి పద్నాలుగేళ్ళు. పిల్లలకి ఈ కథ గట్టిగా పట్టుకుంటుంది, ఎందుకంటే కనుక్కున్నది వాళ్ళ వయసు పిల్ల.

కావలసినవి: బ్రౌన్ పేపర్ రోలు, కట్టె బొగ్గు, జాజు, వెడల్పాటి సెల్లో టేపు, నాలుగు బల్లలు, పాత దుప్పట్లు. జాజు అంటే అరుగులకీ గోడలకీ పూసే ఎర్రమన్నే. అందులో ఎరుపునిచ్చేది ఇనుప ఆక్సైడు. గుహలోని ఎరుపూ అదే పదార్థం. ముగ్గుల సామాను అమ్మే కొట్లో దొరుకుతుంది. పావుకిలో ఇరవై మందికి ఎక్కువే.

కాగితాన్ని ముందు గట్టిగా ఉండ చుట్టి మళ్ళీ విప్పాలి. రెండు మూడుసార్లు చేస్తే రాతిలాగా ఎత్తుపల్లాలు వస్తాయి. దాన్ని బల్ల అడుగు భాగానికి, లాగి బిగించకుండా కొంచెం వదులుగా అంటించండి. బిగిస్తే ముడతలు పోతాయి, అసలు సంగతే పోతుంది. అల్తామిరాలో గీసినవాళ్ళు రాతి ఉబ్బునే దున్న ఒంటి బరువుగా వాడుకున్నారు. పిల్లలు వెల్లకిలా పడుకుని ముందు రెండు నిమిషాలు ఏమీ గీయకుండా ముడతల్లో జంతువు ఎక్కడ కనబడుతోందో వెతకాలి. తరవాత బొగ్గుతో అంచు గీత, దాని మీద వేలితో జాజు. గది చీకటి చేసి ఒక టార్చి పక్కవాటంగా పెడితే ఉబ్బుల నీడలు కదులుతాయి.

చెడేది ఎక్కడంటే, జాజు నీళ్ళగా కలిపితే కారి మొహం మీద పడుతుంది. రెండు చెంచాల పొడికి ఒక చెంచా నీళ్ళు మించొద్దు, గోరింటాకు ముద్దకన్నా గట్టిగా ఉండాలి. పొడిని పెద్దవాళ్ళే కలపండి, ఊపిరిలోకి పోకూడదు. పిల్లలకి కళ్ళద్దాలు పెట్టండి, ఈత కళ్ళద్దాలైనా సరే. పాత బట్టలు వేసుకురమ్మనండి, జాజు మరక పూర్తిగా పోదు.

నీలవేణి_లైబ్రరీ
రేవతి గారూ, ఇది ఖాయం. ఒక్కో బల్ల కింద ఎంతమంది పడతారు?

రేవతి_బొమ్మలు
ఆరడుగుల బల్లకి ముగ్గురు, తలలు ఒకే వైపు. ఎదురెదురుగా పడుకుంటే మోచేతులు తగులుతాయి. పన్నెండు మంది గీస్తుంటే మిగతావాళ్ళకి ఆట పెట్టండి.

గవ్వలాట
ఆట నేను చెప్తాను. స్పెయిన్ ఇళ్ళలో ఎక్కువగా కనబడేవి రెండు: ఓకా, పర్చీస్. చాలాసార్లు ఒకే పలక మీద ముందు ఇది, వెనక అది ముద్రిస్తారు.

పర్చీస్ మూలం మన పచ్చీసే. ఇక్కడి నుంచి ఇంగ్లండుకి, అక్కడి నుంచి స్పెయిన్‌కి చేరింది. లూడో వచ్చిన పిల్లలకి తేడాలు చెబితే చాలు. చుట్టూ గళ్ళు 68. కాయ బయటికి రావాలంటే ఆరు కాదు, ఐదు పడాలి. ఒకే గడిలో రెండు కాయలు కూర్చుంటే అది అడ్డుగోడ, ఎవరూ దాటలేరు, కట్టినవాళ్ళ కాయలు కూడా. ఎదుటివాడి కాయని తింటే అదనంగా 20 గళ్ళు నడవాలి, కాయ పండితే 10. ఆరు పడితే మళ్ళీ వేయాలి, వరసగా మూడోసారి ఆరు పడితే చివర జరిపిన కాయ ఇంటికెళ్ళిపోతుంది. నలుగురు నాలుగేసి కాయలతో ఆడితే తరగతి అయిపోతుంది. మనిషికి రెండు కాయలివ్వండి.

ఓకా మాత్రం పిల్లలే తయారు చేసుకోవచ్చు. ఫుల్ చార్టు మీద బయటి నుంచి లోపలికి తిరిగే చుట్టలో 63 గళ్ళు, ఒక్కోటి 5 సెంటీమీటర్లు. 5, 9, 14, 18, 23, 27, 32, 36, 41, 45, 50, 54, 59, 63 గళ్ళలో బాతు బొమ్మ. బాతు మీద పడితే తరవాతి బాతు మీదికి ఎగిరి మళ్ళీ పాచిక వేయాలి. అప్పుడు అందరూ గట్టిగా 'దె ఓకా ఆ ఓకా, ఈ తీరో పోర్కె మె తోకా' అనాలి. బాతు నుంచి బాతుకి, వంతు నాదే కాబట్టి మళ్ళీ వేస్తా అని. 6లో, 12లో వంతెనలు. 19లో సత్రం, అక్కడ ఒక వంతు ఆగాలి. 31లో బావి, ఇంకొకరు దాటిపోయేదాకా బయటికి రాలేరు. 42 చిక్కుదారి, 30కి వెనక్కి. 58లో చావు, ఒకటో గడి నుంచి మళ్ళీ మొదలు. చెరసాల గడి ఒక్కో పటంలో ఒక్కో చోట ఉంటుంది, 52లో పెట్టుకుని రెండు వంతులు ఆపండి. చివర 63కి సరిగ్గా పడాలి, ఎక్కువైతే ఆ మిగులంత వెనక్కి నడవాలి.

కాయ నడిపేటప్పుడు ఉనో, దోస్, త్రేస్, క్వాత్రో, సింకో, సెయిస్ అని పైకి లెక్కపెట్టించండి. అరగంటలో ఆరు అంకెలు నోటికొచ్చేస్తాయి, విడిగా పాఠం చెప్పనక్కర్లేదు. వైకుంఠపాళి పెద్దపాము మింగితే ఏడ్చే చిన్నవాళ్ళుంటే 58ని కూడా 30కి మార్చేయండి, ఆట చెడదు.

పోపుల_డబ్బా
వంటల సంగతి. ఓవెన్ లేదు, గుడ్డు కొందరికి వద్దు, పిల్లలు చేయాలి అంటే మొదటి ఎంపిక కటలోనియా టమాటా రొట్టె, 'పా అంబ్ తుమాకెత్'. కత్తి పని పెద్దలది, రుద్దే పని పిల్లలది. గట్టి పెచ్చున్న రొట్టె కావాలి, బేకరీలో పొడుగు లోఫ్ అడగండి. మెత్తటి శాండ్విచ్ బ్రెడ్ వాడితే రుద్దగానే చిరిగి ముద్దవుతుంది. ముక్కల్ని పెనం మీద రెండు వైపులా కరకరలాడేదాకా కాల్చండి. వెల్లుల్లి రెబ్బతో ఒక్క గీత, ఎక్కువైతే చిన్నపిల్లలు నోట్లో పెట్టరు. తరవాత అడ్డంగా కోసిన పండు టమాటా, తోలు మాత్రమే చేతిలో మిగిలేదాకా రుద్దాలి. పైన అరచెంచా ఆలివ్ నూనె, చిటికెడు ఉప్పు. ఇక్కడ గట్టి హైబ్రిడ్ టమాటా పనికిరాదు, రసం రాదు. పుల్లటి నాటు టమాటా బాగా పండినది తీసుకోండి. ఇరవై మందికి పది కాయలు. రుద్దిన వెంటనే తినాలి, పది నిమిషాలాగితే మెత్తబడిపోతుంది. అండలూసియాలో రుద్దరు, టమాటాని తురిమి చెంచాతో వేసుకుంటారు. రెండూ పక్కపక్కన పెట్టి రుచి చూపించొచ్చు.

ఆలుగడ్డ తోర్తియా: ఆలు 600 గ్రాములు, ఉల్లిపాయ ఒకటి, గుడ్లు 6. ఆలుని పల్చటి బిళ్ళలుగా కోసి, మునిగేంత ఆలివ్ నూనెలో సన్న సెగ మీద ఇరవై నిమిషాలు మగ్గించాలి. వేగి ఎర్రబడకూడదు, గరిటె తాకితే విరగాలి. నూనె వడకట్టి, గిలకొట్టిన గుడ్లలో కలిపి పది నిమిషాలు నానబెట్టడం ముఖ్యం. ఈ నానడం మానేస్తే ఆలు ఒకవైపు, గుడ్డు ఒకవైపు విడిపోతాయి. 22 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ పెనంలో మందంగా పోసి, అంచు గట్టిపడ్డాక పళ్ళెం బోర్లించి తిరగేయాలి. ఆ తిప్పడం పెద్దవాళ్ళే చేయాలి. పళ్ళెం పెనంకన్నా పెద్దదుండాలి, అంచున వేడి నూనె ఉంటుంది.

గుడ్డు లేకుండా కావాలంటే అదే ఆలుకి శనగపిండి 120 గ్రాములు, నీళ్ళు 220 మిల్లీలీటర్లు, చిటికెడు పసుపు. గుడ్డు తినని స్పెయిన్ వాళ్ళు కూడా శనగపిండితోనే చేస్తారు. పచ్చివాసన పోవాలంటే మూతపెట్టి సన్న సెగ మీద ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు. మన శనగపిండి అట్టులాగా తొందరపడితే లోపల పచ్చిగా ఉంటుంది, ఎందుకంటే ఇది మూడు వేళ్ళ మందం.

చుర్రోల గురించి అడుగుతారని తెలుసు కాబట్టి చెప్తున్నా. మైదా 200 గ్రాములు, సలసల మరిగే నీళ్ళు 250 మిల్లీలీటర్లు, ఉప్పు అరచెంచా, అంతే. నీళ్ళు ఒక్కసారిగా పిండి మీద పోసి కర్ర గరిటెతో ఉండల్లేకుండా కలపాలి. గోరువెచ్చనయ్యాక జంతికల గొట్టంలో ఒకే నక్షత్రం కన్నమున్న బిళ్ళ వేసి వత్తాలి. గుండ్రటి కన్నం అసలు వాడొద్దు. నునుపుగా, లావుగా వత్తిన పిండి పైన పొర గట్టిపడిపోయి, లోపల ఆవిరికి దారి లేక నూనెలో పేలుతుంది. నక్షత్రం గాడుల వల్ల పిండి సమంగా ఉడుకుతుంది. గొట్టంలో గాలి బుడగ మిగిలినా, బేకింగ్ పౌడర్ వేసినా పేలే అవకాశం పెరుగుతుంది. నీళ్ళు మరగకముందే పోస్తే పిండి సరిగ్గా ఉడకదు, అదీ ప్రమాదమే.

తూర్పుగాలి
పోపుల డబ్బా గారూ, ఇరవై మంది పిల్లలున్న గదిలో కాగే నూనె పెట్టడం నాకు ఏమాత్రం నచ్చలేదు. వత్తడం పిల్లలతో, వేయించడం వేరే గదిలో పెద్దవాళ్ళతో అయితే సరే.

పోపుల_డబ్బా
అదే నా మాట కూడా. పిల్లలు నూనె రాసిన పళ్ళెం మీద జానెడు పొడుగు ముక్కలు వత్తాలి. తలుపు వేసిన వంటింట్లో జాలీ మూత చేతిలో ఉంచుకుని, నాలుగైదు ముక్కల చొప్పున 180 డిగ్రీల నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. ఇంట్లో వేయించి తెస్తే లాభం లేదు, అరగంటలో తోలులా సాగుతాయి. మనిషి సాయం లేకపోతే చుర్రోలు వదిలేసి, చిక్కటి చాక్లెట్ మాత్రం చేయండి: పాలు అరలీటరు, డార్క్ చాక్లెట్ 100 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ రెండు చిన్న చెంచాలు. ముంచితే రొట్టె ముక్కకి పట్టుకుని ఉండాలి, అదే గుర్తు.

తాళంకట్టు
ఫ్లామెంకో గురించి ఎవరూ రాయలేదు. గౌను, గులాబీ కాకుండా చప్పట్ల నుంచి మొదలుపెట్టండి. ఫ్లామెంకో అండలూసియాది, ముఖ్యంగా అక్కడి హితానో కుటుంబాల్లో పెరిగింది. హితానోలు రోమా (జిప్సీ) ప్రజల్లో ఒక శాఖ. రోమాల పూర్వీకులు ఉత్తర భారతం నుంచి వెళ్ళారని వాళ్ళ భాష చెబుతోంది. చుక్కల గౌను సెవిల్ వసంతపు జాతరకి వేసుకునేది, స్పెయిన్ జాతీయ దుస్తులు కాదు.

చప్పట్లు రెండు రకాలు. రెండు అరచేతులూ దొప్పల్లా వంచి కొడితే మొద్దు శబ్దం, దాన్ని 'సోర్దాస్' అంటారు. ఒక చేతి మూడు వేళ్ళని రెండో అరచేతి గుంటలో కొడితే చురుకైన శబ్దం, అది 'క్లారాస్'. పిల్లల్ని రెండు గుంపులు చేసి చెరొకటీ ఇవ్వండి.

మొదట 'తాంగోస్' పట్టండి. నాలుగు మాత్రలు, ఒకటి దగ్గర చప్పట్లు లేకుండా కాలితో నేల తట్టాలి, రెండు మూడు నాలుగు చప్పట్లు. ఆరేళ్ళవాళ్ళకి పది నిమిషాల్లో వస్తుంది. పెద్ద పిల్లలకి 'సోలెయా' పన్నెండు మాత్రలు: 3, 6, 8, 10, 12 దగ్గర గట్టిగా, మిగతావి మెల్లగా. సంగీతం నేర్చుకునే పిల్లలకి 3+3+2+2+2 అని చెప్పండి, చటుక్కున అర్థమవుతుంది. చెడేది వేగం దగ్గర. పిల్లలు గట్టిగా కొట్టాలనుకున్న కొద్దీ పరుగెత్తుతారు. ఒకరు కంచం మీద చెంచాతో మాత్ర పట్టి ఉంచాలి. ఆదితాళంలో లాగా మొదటి దెబ్బ మీద బరువు వేయడం అలవాటైన పిల్లలు ఒకటి దగ్గర కొట్టేస్తారు, అందుకే పన్నెండు నుంచి లెక్క మొదలుపెట్టించండి: పన్నెండు, ఒకటి, రెండు, మూడు.

నీలవేణి_లైబ్రరీ
ఎద్దుల పోరు గురించి పిల్లలే అడుగుతారు. ఏం చెప్పాలి?

తూర్పుగాలి
ఉన్నదున్నట్టు చెప్పండి. స్పెయిన్‌లోనే దాని మీద జనం రెండుగా చీలి ఉన్నారు. కానరీ దీవులు 1991లోనే ఆపేశాయి. కటలోనియా పార్లమెంటు 2010లో నిషేధించింది, 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది, అయినా అక్కడ మళ్ళీ మొదలుకాలేదు. పదేళ్ళు దాటినవాళ్ళకి ఇంత చెప్పొచ్చు. వీడియో చూపించొద్దు.

పాంప్లోనా ఊరు అనగానే ఎద్దుల ముందు జనం తీసే పరుగే గుర్తొస్తుంది కానీ అందులో 18 ఏళ్ళలోపువాళ్ళు పాల్గొనకూడదు. జులై 6 నుంచి 14 దాకా జరిగే ఆ సాన్ ఫెర్మిన్ పండగలో పిల్లలు ఎదురుచూసేది పెద్ద బొమ్మల ఊరేగింపు. నాలుగు ఖండాల రాజులూ రాణులూ, ఎనిమిది బొమ్మలు, 1860లో తాదెయో అమోరెనా చేసినవి. లోపల మనిషి నిలబడి కర్ర చట్రాన్ని భుజాల మీద మోస్తూ గిరగిరా తిప్పుతాడు. మన బుట్టబొమ్మల పద్ధతే. వాటి ముందు పెద్ద తలకాయల 'కిలికి'లు స్పాంజి గద పట్టుకుని పిల్లల వెంటపడతారు.

రేవతి_బొమ్మలు
ఆ తలకాయలు చేయించండి. పెద్ద బెలూన్ మీద న్యూస్‌పేపర్ ముక్కలు మైదా జిగురుతో నాలుగు పొరలు. ఒక కప్పు మైదాకి ఐదు కప్పుల నీళ్ళు పోసి ఉడికించండి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది, పిల్లల పనిలో అది విషం, వద్దు. ఒకేరోజు నాలుగు పొరలూ వేయకండి, లోపల ఆరక బూజు పడుతుంది. వారానికి రెండు చాలు. ఎండలో పెడితే బెలూన్ ఉబ్బి కాగితం పగులుతుంది, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే బెలూన్ పగలగొట్టి, నోరున్న చోట చూడ్డానికి కంత కోయాలి. కళ్ళు పైన ఎక్కడో గీసుకోవచ్చు, చూసేది నోట్లోంచే.

మీ తరగతులు డిసెంబరులో నడుస్తాయి కాబట్టి 'బెలెన్' కూడా చేయండి. క్రీస్తు పుట్టిన ఊరిని చిన్న బొమ్మలతో పేర్చడం. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళ పిల్లలకి చెప్పనక్కర్లేదు. ఒకటే తేడా, కొలువు మెట్ల మీద నిశ్చలంగా ఉంటుంది, బెలెన్‌లో ముగ్గురు రాజులు కదులుతారు. మెల్చోర్, గాస్పార్, బల్తసార్‌లని గదిలో దూరపు మూల పెట్టి వారం వారం జానెడు దగ్గరకి జరుపుతూ జనవరి 6కి పశువుల పాక చేర్చాలి. జరిపే పని ప్రతి వారం ఒక పిల్లకో పిల్లాడికో అప్పజెప్పండి. అట్టపెట్టె ముక్కలు కొండలు, అల్యూమినియం ఫాయిల్ ఏరు, పిండి మంచు.

కటలోనియా వారం వచ్చినప్పుడు 'కాగా తియో' దుంగ ఉంది. డిసెంబరు 8 నుంచి ముఖం గీసిన దుంగకి దుప్పటి కప్పి, ముందు రోజూ పళ్ళూ రొట్టె పెడతారు. 24న పిల్లలు పాట పాడుతూ కర్రతో కొడితే అది మిఠాయిలు 'విసర్జిస్తుంది'. పిల్లలు కర్రలు వెచ్చబెట్టుకోవడానికని పక్క గదికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు దుప్పటి కింద సరుకు పెడతారు. అన్నీ పంచుకునే చిన్నవే ఉండాలి.

అనంత_చెరువు
అనంతపురం వైపు వాళ్ళకి స్పెయిన్ కొత్త కాదు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంటె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టారు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఇక్కడి పిల్లల చదువుకి తోడ్పడే స్పెయిన్ కుటుంబాలకూ ఆ పిల్లలకూ మధ్య ఉత్తరాలు నడుస్తాయి. రఫెల్ నడాల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి కూడా 2010 నుంచి అక్కడుంది. మీ గోడ పటం పక్కన ఆంధ్ర పటం కూడా పెట్టి, బార్సిలోనా నుంచి అనంతపురానికి ఒక దారం కట్టండి.

ఉత్తరం రాయించేటప్పుడు పేర్ల పద్ధతి నేర్పండి. స్పెయిన్‌లో ఒక పేరు వెనక రెండు ఇంటిపేర్లు, మామూలుగా ముందు నాన్నది, తరవాత అమ్మది. ఏది ముందన్నది తల్లిదండ్రులు నిర్ణయించుకోవచ్చు. పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. ప్రతి పిల్లా తన పేరు ఆ పద్ధతిలో రాసి అట్ట మీద పెట్టుకోవాలంటే అమ్మ పుట్టింటి పేరు అడిగి రావాలి. ముందు వారమే చెప్పి పంపండి. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్ళున్న పిల్లలుంటారు కాబట్టి అమ్మమ్మ ఇంటిపేరైనా పెట్టుకోవచ్చని ముందే అనేయండి.

గవ్వలాట
డిసెంబరు 28 అక్కడ ఆటపట్టించే రోజు, మన ఏప్రిల్ ఫస్టులాంటిది. తెల్లకాగితం మనిషి బొమ్మ కత్తిరించి ఒకరి వీపున తెలియకుండా అంటించాలి. ఐదు నిమిషాల పని, ఆ వారం తరగతికి వదలొద్దు.

పన్నెండు ద్రాక్షలు కూడా. డిసెంబరు 31 అర్ధరాత్రి మాడ్రిడ్ పువెర్తా దెల్ సోల్ గడియారం పన్నెండు కొడుతుంటే దెబ్బకొకటి తినాలి. మూడు సెకన్లకో దెబ్బ, మొత్తం 36 సెకన్లు. అసలు దెబ్బలకి ముందు నాలుగు జంట గంటలు మోగుతాయి, కొత్తవాళ్ళు అక్కడే నోట్లో వేసుకుంటారు. మీరు కూడా ముందు ఆ నాలుగూ కొట్టి 'ఇంకా కాదు' అనిపించండి. గుండ్రటి ద్రాక్ష గొంతుకి అడ్డం పడుతుంది, అక్కడి వైద్యులు ఏటా హెచ్చరిస్తారు. గింజలేనివి తీసుకుని నిలువుగా చీల్చి సగం సగం ఇవ్వండి, ఐదేళ్ళలోపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వస్తే వాళ్ళకి వద్దు. కూర్చునే తినాలి, నవ్వించకూడదు. తరగతిలో దెబ్బల మధ్య ఐదు సెకన్లు పెట్టండి.

నీలవేణి_లైబ్రరీ
అందరికీ ధన్యవాదాలండీ. చివరి తరగతి జనవరి మొదటి వారంలో ఉంది. రాజుల రొట్టె చేయాలని ఉంది, ఓవెన్ లేదు. ఎలా?

పోపుల_డబ్బా
రాజుల రొట్టెని అక్కడ 'రోస్కోన్' అంటారు. దాన్ని బేకరీకి చెప్పి చేయించుకోండి. గుడ్డు లేని తీపి బన్ను పిండి కిలో, నారింజ, నిమ్మ తొక్కల తురుము చెరొక చెంచా కలిపి, నడుమ పెద్ద కంతతో కంకణంలా కాల్చమనండి. కంత చిన్నదుంటే పొంగి మూసుకుపోతుంది, మధ్యలో నూనె రాసిన గిన్నె పెట్టమనాలి. అసలు దానిలో నారింజపూల నీళ్ళు పడతాయి. అవి దొరక్కపోతే తురుము చాలు, రోజ్ వాటర్ పోయకండి, వాసన వేరు. పైన టూటీ ఫ్రూటీ, నీళ్ళతో తడిపిన చక్కెర.

లోపల దాచేవి రెండు: ఒక చిన్న బొమ్మ, ఒక ఎండు చిక్కుడు గింజ. బొమ్మ దొరికినవాళ్ళకి అట్ట కిరీటం, గింజ దొరికినవాళ్ళు వచ్చే ఏటి రొట్టె డబ్బులివ్వాలి. పిల్లల దగ్గర డబ్బు బదులు బెలెన్ సర్దే పని ఇవ్వండి. రెండింటినీ కాల్చాక, అడుగు నుంచి గాటు పెట్టి దూర్చాలి. విడిగా దూరిస్తే మింగేస్తారు. బొటనవేలంత బటర్ పేపర్ పొట్లంలో చుట్టి, కాగితం కొస రొట్టె బయటికి కనబడకుండా లోపలికి తొయ్యండి. కోసే ముందు లోపల రెండు పొట్లాలున్నాయని అందరికీ చెప్పి, కొరకడానికి ముందు ముక్కని చేత్తో విరిచి చూసుకోమనండి. ఇరవై మందికి కిలో పిండి రొట్టెలు రెండు కావాలి, రెండింట్లోనూ బొమ్మ పెట్టండి, లేకపోతే రెండో రొట్టె ఎవరూ తీసుకోరు.